పార్కు బెంచీ: మధ్యాహ్నం గేటుకి తాళం ఎందుకు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం గేటు గురించే. గేటు తియ్యరని కొందరు, ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుందని ఇంకొందరు. ఒకాయనైతే మా పార్కు గేటుకి ఒక రెక్కే మిగిలింది, రెండోది ఏమైందో కనుక్కోమని రాశారు. ఆ రెక్క సంగతి నాకంటే మీ వీధి పాత ఇనపసామాను కొట్టువాడికి బాగా తెలుస్తుంది, ఆయన్ని అడగండి.

కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను అధికారిని కాను, లాయర్ని అంతకన్నా కాను. చెన్నై చింతాద్రిపేటలో పుట్టి పెరిగి, పార్కుల నిర్వహణ కాంట్రాక్టుకి తీసుకునే ఒక కంపెనీలో ఇరవై రెండేళ్లు సూపర్‌వైజరుగా చేసి, మోకాళ్లు అరిగాక ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి. మాలీలకి హాజరు వెయ్యడం, మోటారు కాలితే మెకానిక్కుని వెతకడం, వాకింగుకొచ్చే పెద్దమనుషుల చేత చివాట్లు తినడం, నా చదువంతా ఇదే.

బాబాయిగారూ, కోడంబాక్కంలో మా ఇంటి పక్కనే పార్కు ఉంది. పొద్దున పదింటికి తాళం వేస్తే మళ్లీ సాయంత్రం నాలుగింటికే తీస్తారు. మా అత్తగారికి పదకొండింటికి, నా వంట అయ్యాక, కాసేపు చెట్టు కింద కూర్చోవాలని ఉంటుంది. వాచ్‌మన్‌ని అడిగితే “రూల్సమ్మా” అంటాడు. వాకింగు సంఘం వాళ్లేమో, తెరిచి ఉంచితే పనీపాటా లేనివాళ్లు వచ్చి పడుకుంటారంటారు. ఏం చెయ్యమంటారు?
ఒక కోడలు, కోడంబాక్కం

అమ్మా, జవాబు చెప్పేముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. నేను చూసుకున్న ఒక పార్కుకి మధ్యాహ్నం తాళం వేయించింది నేనే. “నిర్వహణ పనుల నిమిత్తం మూసివేయబడినది” అని బోర్డు కూడా రాయించాను. పనులేమీ లేవు. మూడు షిఫ్టులకి ముగ్గురు వాచ్‌మన్లని పెట్టాలని ఒప్పందంలో ఉంటే మా కంపెనీ ఇద్దరితోనే సరిపెట్టింది. ఆ మూడోమనిషి లేని గంటలకే ఆ తాళం.

ఒకరోజు, రెండిళ్లలో అంట్లు తోమి మూడో ఇంటికి వెళ్లేలోపు నాలుగు మెతుకులు తిందామని ఒకావిడ డబ్బా పట్టుకొచ్చింది. గేటు చూసింది, బోర్డు చదవలేదు, బయట ఫుట్‌పాత్ మీదే కూర్చుని ఎండలో తినేసింది. లోపల వేపచెట్టు నీడన కూర్చుని నేను రిజిస్టరు రాసుకుంటున్నాను. తాళంచెవి నా జేబులో ఉంది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అనుంటే అంత గుర్తుండేది కాదేమో.

కాబట్టి ఎవరైనా రూల్సు అంటే చూపించమనండి. పార్కుని కాంట్రాక్టుకి ఇచ్చినప్పుడు మాలీలు ఎందరు, కాపలా ఎందరు, ఎన్ని షిఫ్టులు అన్నది ఒప్పందంలో రాసుకుంటారు. సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, రెండే రెండు కాగితాలు అడగండి. ఈ పార్కు వేళలు నిర్ణయించిన ఉత్తర్వు నకలు ఒకటి, నిర్వహణ ఒప్పందంలో సిబ్బంది సంఖ్య, షిఫ్టులు రాసిన పేజీ ఒకటి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఎందుకు మూశారని మాత్రం అడక్కండి. “ఎందుకు” అన్నదానికి మా దగ్గర దస్త్రం లేదని ఒక్క వాక్యంతో తిప్పికొడతారు. అలాంటి వాక్యాలు నేనూ రాసిచ్చాను. కాగితం అడిగితే కాగితమే ఇవ్వాలి.

వాచ్‌మన్‌తో పోట్లాట పెట్టుకోకండి. అతను పన్నెండు గంటలు నిలబడి తెచ్చుకునే జీతం ఏపాటిదో తెలిస్తే మీరే కాఫీ ఇస్తారు.

ఇక “పనీపాటా లేనివాళ్లు” అన్న మాట. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. మధ్యాహ్నం పూట పార్కుకొచ్చేవాళ్లలో పనిలేనివాళ్లని నేను చూసింది తక్కువ. తిండి పొట్లాలు మోసే డెలివరీ కుర్రాళ్లు, మందుల కంపెనీ బ్యాగు పట్టుకు తిరిగే రెప్పులు, ఒంటిగది ఇంట్లో చదువు సాగక పుస్తకం పట్టుకొచ్చే పిల్లలు, మీ అత్తగారి లాంటివాళ్లు. పొద్దున నడిచి ఇంటికెళ్లి ఏసీ వేసుకునేవారికి కత్తిరి ఎండల్లో పార్కు అక్కర్లేదు, అవసరమున్నది వీళ్లకే. పడుకుంటే పడుకోనివ్వండి, బెంచీ అరిగిపోదు. తాగొచ్చి పడేవాళ్లు ఉండరా అంటే ఉంటారు. కానీ వాళ్లు గోడ దూకుతారమ్మా. తాళం ఆపగలిగింది మీ అత్తగారినే.

సంఘం వాళ్లని ఒక నెలపాటు తెరిచి చూద్దామని అడగండి. ఆ నెలంతా రోజూ ఎవరెవరొచ్చారో మీ అత్తగారినే ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచమనండి. జోనల్ ఆఫీసులో ఆ పుస్తకం ముందు ఎవరూ నోరెత్తలేరు.

గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలైంది. అరవం రాదు. పిల్లల పార్కులో ఊయల గొలుసు ఒకవైపు తెగి వేలాడుతోంది. ఎవరికి, ఏ భాషలో చెప్పుకోవాలి?
ఒక తండ్రి, అన్నానగర్

అర్జీ రేపు రాద్దాం. ఇవాళ సాయంత్రమే ఆ ఊయలని తాడుతో పైదూలానికి చుట్టి కట్టేయించండి. ఒకవైపు తెగిందంటే రెండోదీ ఆ దారిలోనే ఉంటుంది. గొలుసు మామూలుగా మధ్యలో తెగదు, పైన కొక్కెం రాసుకునేచోట అరుగుతుంది, అది కింద నిలబడి చూస్తే కనిపించదు. పైగా ఇది ఉప్పుగాలి ఊరు, ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఊయల కింద ఇసక ఉందా, సిమెంటు పలకలు పరిచారా అన్నది కూడా చూసి అర్జీలో రాయండి. పలకలుంటే తీయించాల్సిందే. గొలుసు తెగినా ఇసకలో పడితే మోకాలు గీసుకుపోతుంది, పలకల మీద పడితే తల పగులుతుంది.

చెన్నై కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913. రిప్పన్ బిల్డింగ్ ప్రారంభమైన సంవత్సరమూ 1913 కావడంతో నాకు ఎప్పుడూ మరిచిపోయే పని పడలేదు. ఇంగ్లీషులో చెప్పుకోవచ్చు. అయినా “పూంగావుల ఊంజల్ చెయిన్ అరుందుపోచ్చు” అని ఒక్క ముక్క నేర్చుకుని చెప్పండి, అవతలివాళ్ల గొంతు మెత్తబడుతుంది. పూంగా అంటే పార్కు, ఊంజల్ అంటే ఊయల. పార్కు పేరు, వీధి, దగ్గరున్న దీపస్తంభం మీది నంబరు చెప్పి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఆ నంబరు లేని ఫిర్యాదు గాలికి చెప్పుకున్నట్టే.

ఒకటి సరిచూసుకోండి. ఊళ్లో పచ్చగా కనిపించే ప్రతిదీ కార్పొరేషన్‌ది కాదు. 200 వార్డుల్లో వీధి పార్కులు చాలావరకు వాళ్లవే. కానీ సెమ్మొళి పూంగా ఉద్యానశాఖది, గిండీ పిల్లల పార్కు అటవీశాఖది. తాంబరం, ఆవడి వేరే కార్పొరేషన్లు. తప్పు ఆఫీసుకి వెళ్తే ఎదురింటి తలుపు కొట్టి మనింటి తాళంచెవి అడిగినట్టుంటుంది.

మైలాపూరులో నాగేశ్వరరావు పార్కు దాటుతుంటే మా మనవడు “సినిమా హీరో పేరా తాతా?” అన్నాడు. అవునని చెప్పేశాను. తప్పా?
ఒక తాత, రాయపేట

తప్పే. రాత్రికి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సరిదిద్దండి. అక్కినేని కాదు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. మీరు మోకాలికి రాసుకునే అమృతాంజనం ఆయన 1893లో మొదలుపెట్టిందే. ఆ డబ్బుతో 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టి, 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందం రాసుకున్న శ్రీబాగ్ ఆయన ఇల్లే, ఈ మైలాపూరులోదే. మర్నాడు మనవణ్ణి పార్కుకి తీసుకెళ్తూ జేబులో అమృతాంజనం సీసా వేసుకోండి, చూపించవచ్చు.

ఇంకొంచెం ఓపికుంటే టి.నగర్ కూడా తిప్పండి. పానగల్ పార్కు పేరు కాళహస్తిలో పుట్టిన పానగల్ రాజా రామరాయణింగారిది, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినాయన. టి.నగర్ పేరులోని ‘టి’ అంటే త్యాగరాయ, పిట్టి త్యాగరాయ చెట్టిగారు, ఈ కార్పొరేషన్‌కి అధికారి కాని మొదటి అధ్యక్షుడు. మన పేర్లు బోర్డుల మీద ఇన్ని ఉండి, మన పిల్లలకి ఒక్కటీ తెలియకపోవడం నాకు బాధే. మా నాయన మాత్రం పేర్ల విషయంలో మొండివాడు. మా పేటలో నేపియర్ పార్కుని మేడే పార్కు చేశాక కూడా పోయేదాకా నేపియర్ అనే అన్నాడు.

పెరంబూరులో రైల్వేలో చేసి రిటైరయ్యాను. సాయంత్రం పార్కులో నడుస్తుంటే కుర్రాళ్ల క్రికెట్ బంతి మొన్న నా భుజానికి తగిలింది. ఆట నిషేధించమని పదిమందిమి సంతకాలు చేశాం. మీరూ ఈ శీర్షికలో గట్టిగా రాయండి.
ఒక పెద్దాయన, పెరంబూరు

అన్నా, భుజం ఎలా ఉంది? తగిలింది టెన్నిస్ బంతా, కార్కు బంతా? కార్కు బంతయితే మీ పక్షాన నేనూ సంతకం చేస్తాను. టెన్నిస్ బంతయితే మాత్రం కాస్త ఆలోచిద్దాం.

నిషేధించమని రాయలేను. “ఇక్కడ ఆడరాదు” అన్న బోర్డు పెట్టిన పార్కుల్లో ఆ పిల్లలు ఎక్కడికి వెళ్లారో చూసినవాణ్ణి. వీధిలోకి, బస్సుల మధ్యకి. లేదంటే గంటకింతని డబ్బు కట్టే టర్ఫు మైదానాలకి, అదీ కట్టగలిగినవాళ్లు. 2024 అక్టోబరులో ఏం జరిగిందో గుర్తుందిగా. తొమ్మిది ఫుట్‌బాల్ మైదానాలని ప్రైవేటువారికి అప్పగించి, ఆడే ఒక్కొక్కరి దగ్గరా గంటకి 120 రూపాయలు తీసుకోవచ్చని కార్పొరేషన్ కౌన్సిల్‌లో తీర్మానం చేశారు. ఊరంతా గగ్గోలు పెట్టాక వెనక్కి తీసుకున్నారు. ఉత్తర చెన్నైలో ఫుట్‌బాల్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, పెరంబూరులో ఉండి. ఆ రోజు అరిచిందీ ఇలాంటి కుర్రాళ్లే.

నేను ఒక పార్కులో చేసిన పని చెబుతాను. వాళ్ల జట్టులో పెద్దవాడెవడో కనుక్కుని టీ తాగించాను. నాలుగున్నర నుంచి ఆరు దాకా మీది, ఆరు తర్వాత పెద్దలది, స్టంపులు నడకదారికి అడ్డంగా కాదు, గోడవైపు పెట్టాలి అన్నాను. బంతి దారి దాటితే కొట్టినవాడు అవుట్. ఈ చివరి నియమం వాళ్లు పెట్టుకున్నదే, నాది కాదు. తర్వాత వాళ్లలో ఒకడు అంపైరై మా మీదే అజమాయిషీ చేసేవాడు. మీ పదిమంది సంతకాల కాగితం చించకండి. నిషేధం అన్నచోట కొట్టేసి, గోడవైపు వల కట్టించాలని రాసి, కింద కుర్రాళ్ల సంతకాలు కూడా తీసుకుని కౌన్సిలరుకివ్వండి. పెద్దలూ పిల్లలూ కలిసి సంతకాలు చేసిన అర్జీ నా ఇరవై రెండేళ్లలో రెండుసార్లే చూశాను. రెండూ పని జరిగాయి.

పోరూరు దాటాక మా లేఅవుట్లో పార్కుకని చూపించిన స్థలంలో ప్రమోటరు షెడ్డు వేశాడు. ఇప్పుడు “క్లబ్ హౌస్ రాబోతోంది” అంటున్నాడు. బయట ఊరి పిల్లలు రాకుండా ఆ స్థలాన్ని మా లేఅవుట్ వాళ్లకే ఉంచుకునే మార్గం చెప్పండి.
ప్లాటు యజమాని, పోరూరు దగ్గర

మీ ఉత్తరంలో రెండు కోరికలున్నాయి. మొదటిదానికి సాయం చేస్తాను, రెండోదానికి చెయ్యను.

లేఅవుట్ పదివేల చదరపు మీటర్లు, అంటే సుమారు రెండున్నర ఎకరాలు దాటితే పదో వంతు భూమిని ఖాళీ స్థలంగా వదలాలి. దాన్నే ఇక్కడందరూ ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్) అంటారు. రోడ్లు పోను పదివేల మీటర్లుంటే అది వెయ్యి మీటర్లు, మన మద్రాసు లెక్కలో (గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు) సుమారు నాలుగున్నర గ్రౌండ్లు. ఆ పదో వంతు లెక్కలో రోడ్ల భూమిని కలపరు. ఆ భూమిని ప్రమోటరు రిజిస్టరు గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకి రాసివ్వాలి. మూడువేల మీటర్ల పైన, పదివేల లోపయితే భూమికి బదులు డబ్బు కట్టే వీలుంది, కాబట్టి ముందు మీ లేఅవుట్ ఎంతో చూసుకోండి.

ఇక చెయ్యాల్సింది. మంజూరైన లేఅవుట్ నక్షా నకలు తీయండి, అమ్మేటప్పుడు చూపించిన రంగుల బ్రోచరు కాదు. ఆ సర్వే నంబరుకి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, తీయండి. గిఫ్ట్ డీడ్ అందులో కనిపిస్తే భూమి ఇప్పటికే ప్రజలది, షెడ్డు ఆక్రమణ, స్థానిక సంస్థ కమిషనరుకి రెండు నకళ్లతో అర్జీ ఇచ్చి మీ ప్రతి మీద ముద్ర వేయించుకోండి. డీడ్ కనిపించకపోతే ఇంకా తొందరపడాలి, ఎందుకంటే కాగితం మీద ఆ స్థలం ఇంకా ప్రమోటరు చేతిలోనే ఉంది. మంజూరు ఇచ్చిన సీఎండీఏకి (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థకి) కూడా రాయండి.

లాయరు దగ్గరికి వెళ్లే రోజొస్తే, బెంగళూరు కేసు ఒకటి ఆయనకీ తెలిసే ఉంటుంది. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్లో పార్కుకని ఉంచిన స్థలాన్ని నర్సింగ్ హోమ్ కట్టుకోమని ఒక ట్రస్టుకిచ్చారు. ఆ చుట్టుపక్కల ఇళ్లవాళ్లే కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన నిలబడలేదు. ఆసుపత్రికే నిలబడనిది క్లబ్ హౌస్‌కి నిలబడుతుందా?

రెండో కోరిక. గిఫ్ట్ డీడ్ అయిన భూమి ఊరందరిదీ. మీరు ప్రమోటరు నుంచి విడిపించుకున్న రోజునే ఊరి పిల్లలకీ అందులో ఆడే హక్కు వస్తుంది. ప్రమోటరు వేసిన తాళం తీయించి మీ తాళం వేసుకుంటామంటే, నేను ఇంత సిరా ఎందుకు ఖర్చుపెట్టినట్టు?

మా పార్కులో వేపచెట్టు మొదలు చుట్టూ అంగుళం ఖాళీ లేకుండా సిమెంటు పలకలు పరిచారు. చెట్టు బతుకుతుందా?
ఒక టీచరమ్మ, వెస్ట్ మాంబళం

కొన్నేళ్లు బతుకుతుంది తల్లీ, తర్వాత ఒక గాలికి పడుతుంది. నీళ్లు, గాలి దిగక వేరు పైపైనే పాకుతుంది. 2016 డిసెంబరు 12న వర్ధా తుపానులో ఈ ఊళ్లో వేలాది చెట్లు కూలాయి. ఆ మర్నాడు మేము కోసిన మానుల్లో చాలావాటి వేళ్లు పళ్లెంలా చదునుగా ఉన్నాయి. ఢిల్లీలో చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసెయ్యాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లో చెప్పింది. అదే కొలత మీ అర్జీలో అడగండి. పలకలు తీయడం మేస్త్రీకి ఒక పూట పని. తీసేటప్పుడు మాత్రం దగ్గర నిలబడండి, గునపం వేరుకి తగలకుండా.

మా అబ్బాయి చక్రాల కుర్చీలో తిరుగుతాడు. పార్కు గేటు దగ్గర బైకులు రాకుండా ఇనప పైపులతో మెలిక దారి పెట్టారు. కుర్చీ పట్టదు. పెద్ద గేటు తీయమంటే తాళంచెవి ఆఫీసులో ఉందంటారు.
ఒక అమ్మ, వేళచ్చేరి

ఆ మెలిక పైపులు నేనూ పెట్టించాను, గర్వంగా. బైకులు ఆగాయి. కుర్చీలు కూడా ఆగాయన్న సంగతి నాకు తట్టనేలేదు, ఎందుకంటే లోపలికి రాలేనివాళ్లు లోపలున్న నాకెలా కనిపిస్తారు?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, బహిరంగ స్థలాలు వాళ్లకి అందుబాటులో ఉండాలని అందులో ఉంది. అర్జీలో చట్టం పేరుతోపాటు కొలత రాయండి: కుర్చీ వెళ్లడానికి అడ్డంకి లేని 900 మిల్లీమీటర్ల దారి, మెలిక లేకుండా తిన్నగా. తిన్నటి దారైతే బైకూ దూరుతుంది కదా అంటారు. దూరుతుంది. దాన్ని ఆపడానికే వాచ్‌మన్ ఉన్నాడు. ఇనప పైపు మనిషి పని చేయలేదు. అర్జీ తేలేదాకా పెద్ద గేటు తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గరే ఉంచాలని, పిలిచిన వెంటనే తియ్యాలని రాయించుకోండి. నోటిమాట వద్దమ్మా, రిజిస్టరులో రాయించండి. వీలైతే బాబుని కూడా ఆఫీసుకి తీసుకెళ్లండి. ఆ ఆఫీసుకి ర్యాంపు ఉందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

ఎనిమిది అంకె ఆకారంలో ఉండే నడకదారిలో కుడివైపు నుంచి నడవాలా, ఎడమవైపు నుంచా?
వేణ్ణీళ్లు తాగే మనిషి, సైదాపేట

ముందు మీకు ఎదురొచ్చే ఆవిడ ఎటు నుంచి వస్తున్నారో చూసి, అటే నడవండి. రోజూ గొడవలు తగ్గుతాయి.

గత నెల మీరు చెప్పినట్టే కారుతున్న కొళాయి గురించి అర్జీ పెట్టాను. పదకొండు రోజుల్లో బాగుచేశారు. కానీ ఆ కారే నీళ్ల దగ్గరికి రోజూ వచ్చే గోరింకలు, ఉడతలు ఇప్పుడు వట్టి కొళాయి చుట్టూ తిరుగుతున్నాయి. తప్పు చేశానా?
మీ పాఠకురాలు, అడయారు

కొళాయి బాగుచేయించడం తప్పెలా అవుతుంది. ఒక వెడల్పాటి మట్టి మూకుడు కొనుక్కోండి, లోతు తక్కువది. చెట్టు నీడలో, పిల్లి దాక్కునే పొదలకి దూరంగా పెట్టి, మధ్యలో ఒక రాయి వెయ్యండి, పిట్టలు దానిమీద వాలి తాగుతాయి. రెండు రోజులకొకసారి నీళ్లు పారబోసి, మూకుడు రుద్ది కడిగి, కొత్త నీళ్లు పొయ్యాలి. వారం వదిలేస్తే అందులో దోమలు పుడతాయి, అప్పుడు మీమీద ఇంకెవరో నాకు ఉత్తరం రాస్తారు.

దీనికి అర్జీ అక్కర్లేదు. వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పి పెట్టుకోండి.